ఉరుకు అనేదాకా

మణెమ్మ నోటికి పట్టే తాళం ఎక్కడైనా దొరికితే నా జీతంతో నేనే కొనిచ్చేదాన్ని. భూపాలపల్లి బస్సెక్కిన పది నిమిషాలకే నాకీ ఆలోచన వచ్చింది. కండక్టర్‌తో మాట్లాడింది, వెనక సీటు ముసలమ్మతో మాట్లాడింది, చివరికి బస్సు ఆపి మూత్రానికి దిగిన డ్రైవర్ మీద కూడా కేకలేసింది. పక్కన కిటికీ దగ్గర కూతురు షారోన్ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ ఒక్కతే మాట్లాడేస్తుంది కాబట్టి పిల్లకు ఏమీ మిగల్లేదేమో అనుకున్నాను.

నేను తెలుగు టీచర్ని. మొగుళ్లపల్లి మండలంలో రోడ్డు పక్కనున్న ఒక ఊరి హైస్కూలు మాది. వ్యాయామం టీచర్ పోస్టు ఉంది గానీ అందులో మనిషి లేడు. అందుకని పిల్లల్ని జిల్లా ఆటల పోటీలకు తీసుకుపోయే పని, "సులోచన మేడం, మీకు ఓపిక ఎక్కువ" అంటూ హెడ్మాస్టరు నా నెత్తిన పెట్టారు. ఎవరైనా నా ఓపికను మెచ్చుకున్నారంటే వెనక ఏదో చాకిరీ వస్తోందని అర్థం. బోనఫైడ్‌లు, ఆధార్ జిరాక్సులు, ఫొటోలు, అన్నీ నేనే పోగుచేశాను. తీరా బయల్దేరే ముందురోజు మణెమ్మ వచ్చి, "నేను రాకుంట నా పిల్లను పంప" అంది.

"నేనున్నా గదా మణెమ్మక్కా" అన్నాను.

"మీరుంటె ఏంది మేడం? నేను లేకుంటె అది రోడ్డు దాటది."

ఆ మాట నిజమే. వాళ్ల ఇల్లు రోడ్డుకు అటు, మా బడి ఇటు. మూడేళ్ల కింద మణెమ్మ భర్త దేవదాసు ఆ రోడ్డు దాటుతుంటే ఇసుక లారీ గుద్దింది. దవాఖానకు చేరేలోపే పోయాడు. అప్పటి నుంచి ఆమె పిల్లకు ఒకటే కట్టడి పెట్టింది. తను "ఉరుకు" అనేదాకా అడుగు తీయకూడదు. పొద్దున తొమ్మిదికి రోడ్డు అంచున నిలబడి అటు చూసి, ఇటు చూసి, మళ్లీ అటు చూసి, "ఉరుకే!" అని ఒక్క అరుపు అరుస్తుంది. మా ప్రార్థన సగంలో ఆగిపోతుంది. ఆ అరుపు ముగిసేలోపు షారోన్ గేటు లోపల ఉంటుంది. పత్తి ఏరడానికి పోయే మనిషి, సాయంత్రం బడి వదిలే వేళకు చేనులో ఉన్నా, చెలకలో ఉన్నా వచ్చి నిలబడుతుంది. ఆమె రావడం ఆలస్యమైతే పిల్ల గేటు దగ్గరే కూర్చుంటుంది. నేను చెయ్యి పట్టుకుని దాటిస్తానన్నా రాదు. "అవ్వ జెప్పాలె మేడం" అంటుంది. తల్లిని అది అవ్వ అనే పిలుస్తుంది. జాలి వేస్తుంది, కాదనను. కానీ రోజూ వినేదాన్ని నేను, నాకు విసుగు కూడా వస్తుంది.

ఆ రోడ్డు దాటే ఉరుకుడు చూసినందుకే షారోన్ పేరు పోటీలకు రాశాను. మండలం పోటీలు మా బడిలోనే జరిగాయి. విజిల్ నేనే ఊదాను. గేటు దగ్గర నుంచి మణెమ్మ అరవడం, నా విజిల్ మోగడం ఒక్కసారే అయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు. అందరికన్నా అంత ముందు వచ్చిన పిల్లను చూసి నేను మురిసిపోయాను తప్ప ఇంకో ఆలోచన చెయ్యలేదు. మా బడి నుంచి జిల్లాకు ఎంపికైంది అది ఒక్కతే. జిల్లాలో మొదటి ఇద్దరిలో నిలిస్తే రాష్ట్ర పోటీలకు పోతుంది. ఎక్కువ మాట్లాడని ఆ పిల్ల రెండు నెలల్లో నన్ను పదిసార్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇద్దర్నే తీస్కపోతరా మేడం? మూడో మనిషిని తీస్కపోరా?"

గ్రౌండులో అడుగుపెట్టగానే మణెమ్మ పని మొదలైంది. సున్నంతో గీసిన లైన్లు వంకరగా ఉన్నాయంది. ఎవరి పిల్లలో ఎండలో కూర్చుంటే నీడలోకి తరిమింది. పెద్ద పిల్లలు మైదానం చుట్టూ ఒక రౌండు ఉరికి వస్తే చూసి, "ఏడికెల్లి ఉరికిన్రో మళ్ల ఆడికే వచ్చిరి. గింత ఉరికి ఏడికి వొయిన్రు మేడం?" అని అడిగింది. పక్క బడి టీచర్లు నవ్వారు. నేను తల పట్టుకున్నాను.

ముందు వంద మీటర్లు. విజిల్ ఊదే జయపాల్ సార్ చెయ్యెత్తి "సెట్" అన్నారు. పిల్లలంతా వంగారు. అప్పుడు నా చెవి పక్కనే, "ఉరుకే!"

షారోన్ ఒక్కతే ఉరికింది. చివరి గీత దాటి వెనక్కి తిరిగి చూస్తే మిగతా ఏడుగురూ బయల్దేరిన చోటే ఉన్నారు. జయపాల్ సార్ నన్ను పిలిచి, ఇంకోసారి ఇట్లయితే తీసేస్తా మేడం అన్నారు. నేను మణెమ్మకు దండం పెట్టి చెప్పాను. విజిల్ మోగేదాకా నోరు తెరవొద్దన్నాను. ఆమె తన తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేసింది. రెండోసారి "సెట్" అన్నారో లేదో, మళ్లీ అదే అరుపు.

షారోన్‌ను తీసేశారు.

"ఒట్టు వేస్తివి గదా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆగలే మేడం. అది గట్ల రోడ్డంచున నిలవడ్డట్టు నిలవడితే నోరు ఆగలే."

"ఇక్కడ రోడ్డెక్కడుంది? లారీ ఎక్కడుంది?"

మణెమ్మ సున్నం గీత వైపు చూసింది. పిల్ల ఏడవలేదు. నీళ్ల పంపు దగ్గరకు పోయి మొహం కడుక్కుని చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ నిలబడటం చూసి నాకు మణెమ్మ మీద ఇంకా మండింది.

మధ్యాహ్నం నాలుగు వందల మీటర్లు. అదే చివరి ఆశ. ఈసారి నేను తెలివైన ఏర్పాటు చేశాను. నా బాటిల్ మణెమ్మ చేతిలో పెట్టి, "నోటినిండా నీళ్లు పోసుకో. మింగొద్దు, ఉమ్మొద్దు. ఉరుకుడు మొదలయ్యేదాకా అట్లనే ఉండు" అన్నాను. పాపం, చెప్పినట్టే చేసింది. బుగ్గలు ఉబ్బించుకుని నా పక్కన నిలబడింది. నా ఉపాయానికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

"సెట్" అన్నారు. విజిల్ మోగింది. ఏడుగురు ఉరికారు.

షారోన్ కదల్లేదు.

వంగినది వంగినట్టే ఉంది. తల మాత్రం పక్కకు తిప్పి తల్లిని చూస్తోంది. నాకు ఏం జరుగుతోందో తెలిసేసరికి ముందు పోయినవాళ్లు మలుపు దగ్గరికి చేరారు. మణెమ్మ నీళ్లన్నీ నా చీర మీద కక్కేసి, "ఉరుకే!" అని అరిచింది.

అప్పుడు ఉరికింది. అట్లాంటి ఉరుకుడు నేను ఇంకెప్పుడూ చూడలేదు. సగం రౌండుకల్లా ముగ్గురిని దాటింది. చివరి మలుపులో ఇంకో ఇద్దరిని దాటింది. గీత దగ్గర రెండో పిల్లకూ దీనికీ మధ్య అడుగు కూడా లేదు. కానీ అడుగు తక్కువే. మూడో స్థానం.

నేను పోయి భుజం పట్టుకుని ఊపేశాను. "ఎందుకు నిలబడ్డవే? విజిల్ వినపడలేదా?"

"వినవడ్డది మేడం."

"మరి?"

"అవ్వ అనలే గద."

పొద్దుటి నుంచి మణెమ్మను తిట్టుకుంటూనే ఉన్నాను, ఇప్పుడు తిట్టాల్సింది నన్నే. మూడేళ్లుగా రోజూ విన్న అరుపుకు అర్థం తెలియకుండా ఆ నోట్లో నీళ్లు పోయించాను. "మన్నించు బిడ్డా" అన్నాను. ఆ పిల్ల తడిసిన నా చీర వైపు చూసి, "మూడో మనిషిని తీస్కపోరా మేడం?" అని ఇంకోసారి అడిగింది.

తిరుగు బస్సులో మణెమ్మ మాట్లాడలేదు. కండక్టర్ చిల్లర తక్కువిచ్చినా అడగలేదు. నాకు భయం వేసింది. ఊరు దగ్గర పడుతుండగా అడిగింది. "వచ్చే యేడు మళ్ల ఉంటదా మేడం?"

"ఉంటుంది."

"అప్పుడు గా సారు సీటి ఊదంగనె ఉరకాలె. నా మాట కోసం సూడొద్దు. అంతేనా?"

"అంతే."

బడి ముందు దిగాం. నా స్కూటీ బడిలోనే ఉంది, వాళ్ల ఇల్లు రోడ్డుకు అవతల. పొద్దు ఇంకా ఉంది. ఇసుక లారీలు వరసగా పోతున్నాయి. షారోన్ రోజూలాగే రోడ్డంచున నిలబడి తల్లి మొహం చూసింది.

"నన్ను సూడకు. రోడ్డు సూడు" అంది మణెమ్మ.

"నువ్వు అనవా?"

"అన. నువ్వే సూస్కొని పో."

ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది. మధ్యలో సందు దొరికింది. నేను చూశాను, మణెమ్మా చూసింది. ఆమె మునివేళ్ల మీద లేచి, నోరు తెరిచి, కొంగు గుప్పెడు నోట్లో కుక్కుకుంది. షారోన్ ముందుకు వంగి వెనక్కి తగ్గింది. ఆ సందు పోయింది. "ఉరుకు" అని నేనే చెప్పేద్దునా అనిపించింది. ఆ ఒక్కసారికి నా నోరు కూడా మూసుకున్నాను.

పిల్ల అటు చూసింది, ఇటు చూసింది, మళ్లీ అటు చూసింది. ఉరికింది.

మణెమ్మ కళ్లు మూసుకుని ఉంది. దాటింది, చూడు అని నేను అనబోయాను. ఈలోపే అవతలి నుంచి షారోన్ గొంతు వచ్చింది. ఆ పిల్లకు అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"అవ్వా! ఇటు సూడు. నేను చెప్పేదాంక ఆగు."

మణెమ్మ కళ్లు తెరిచి, కొంగు నోట్లోంచి తీసి, చెప్పినట్టే ఆగింది. ఒక లారీ పోయింది.

"ఇగ ఉరుకే!"

మణెమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఉరికింది.