తప్పుల్లేని ఉత్తరం

హెడ్ క్లర్కు గారికి ఆఫీసులో 'ఎర్ర పెన్ను' అని పేరు. ఎదుట పడితే 'సార్' అనేవాళ్లు, పక్కకు తిరిగితే ఇదే. సెలవు చీటీ ఇచ్చినా, సామాన్ల జాబితా ఇచ్చినా ఆయన ముందు వెతికేది తప్పునే. స్టేషనరీ కావాలని ఓ గుమాస్తా ఇంగ్లీషులో రాసిస్తే, "చివర 'ఆర్, వై'లకు ముందు 'ఈ' రాస్తే కాగితాలూ కలాలూ. నువ్వు 'ఏ' రాశావు. అంటే కదలకుండా పడుండేది. నీలాగా!" అని నలుగురి ముందూ కడిగేశాడు. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో తను సొంతంగా రాసిన ముక్క ఒక్కటీ లేదు. ఒకళ్లు వండినదాంట్లో రాళ్లేరడమే ఆయన పాండిత్యమంతా.

పోనీ ఆ గోల ఆఫీసులోనే వదిలి వచ్చేవాడా అంటే, అదీ లేదు. ఇంట్లో ఏం కావాలన్నా కూతురు ఇంగ్లీషులో అర్జీ పెట్టుకోవాలి. చెప్పులు వదులైపోయాయని రాస్తే, 'లూస్' అంటే వదులు, 'లూజ్' అంటే పోగొట్టుకోవడం, ఏది ఎక్కడ రాయాలో తెలిసేదాకా కొత్త చెప్పుల్లేవన్నాడు. ఆ పిల్ల రెండు వారాలు కాళ్లీడ్చుకుంటూ బడికెళ్లింది. తల్లికి ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. అందుకని ఆవిడ అడగడమే మానేసింది.

పిల్ల పెద్దదై వేరే ఊళ్లో నర్సుగా చేరి ఊపిరి పీల్చుకుంది. ఫోన్లు లేని రోజులు. నెలకో ఉత్తరం రాసేది, అదీ ఇంగ్లీషులోనే. దాని నిండా ఎర్ర గీతలు గీసి ఈయన తిప్పి పంపేవాడు.

ఒకసారి కాస్త పొడుగు ఉత్తరం వచ్చింది. భార్య వంటింట్లోంచి తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏం రాసిందండీ?"

"రెండు తప్పులు రాసింది."

"తప్పులు సరేనండీ, కబురేంటి?"

"సలహాకి 'అడ్వైస్', సలహా ఇవ్వడానికి 'అడ్వైజ్'. ఇంతోటి తేడా తెలీదు దానికి! 'మీరు తప్ప' అనే చోట 'ఎక్సెప్ట్' రాయాలా? 'యాక్సెప్ట్' అని ఏడ్చింది. అంటే ఒప్పుకోవడం! తిరగరాసి పంపమంటా. వచ్చాక చెప్తాలే."

పన్నెండు రోజుల్లో రిజిస్టరాఫీసులో పెళ్లి, మీ సలహా కావాలి, మీరు తప్ప నాకెవరూ లేరు, ఇద్దరూ వచ్చి నా పక్కన నిలబడండి అని అందులో ఉంది. ఆయన కంటపడకపోలేదు. తప్పులతో అడిగినదానికి జవాబివ్వడం అలవాటు లేదు, అంతే. ఎంత గొప్ప అలవాటో!

మూడు వారాలకు శుభ్రప్రతి వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. పెన్ను మూత తీసి రెండుసార్లు చదివాడు. ఒక్క తప్పు దొరకలేదు. సలహా అడిగిన మాట లేదు. మీరు తప్ప ఎవరూ లేరన్న మాట లేదు. రమ్మన్న మాటా లేదు. పోయిన సోమవారం పెళ్లయింది, సాక్షి సంతకాలు తోటి నర్సులు పెట్టారు, ఆరోగ్యం జాగ్రత్త. అంతే.

ఈసారి భార్య అడిగితే చెప్పక తప్పలేదు. మొదటి ఉత్తరంలో ఏముందో కూడా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ చిలక్కొయ్యకున్న సంచి తీసుకుంది.

"నాకు చదువొచ్చుంటే ఆ రోజే నడిచైనా వెళ్లేదాన్ని. మీరు చదివి కూడా ఇంట్లోనే కూర్చున్నారు. ఆ కవరు మీద అడ్రసు ఏముందో పైకి చదవండి. బస్సు దిగాక ఎవర్నైనా అడగాలి కదా."

ఆయన చదివాడు. ఆవిడ రెండుసార్లు అప్పజెప్పుకుంది. సంచిలో రెండు చీరలు పెట్టుకుని గుమ్మం దాటింది. మీరూ రండని మాటవరసకైనా అనలేదు.