బిగించిన మూత

దేవుడి గూట్లో ఉన్న ఆ తేనె సీసాను కామాక్షి ఏడాదిగా కదపలేదు. పోయిన వైశాఖంలో, కన్నుమూసే వారం ముందు, భర్త సుబ్రహ్మణ్యేశ్వరరావు తన చేత్తో పిండిన తేనె అది. సంవత్సరీకంనాడు ఆయన పిండంలో ఆ తేనే కలపాలని ఆవిడ పట్టుదల. బతికుండగా ఆయన నోరు తెరిచి ఇది కావాలని అడిగిన మనిషి కాదు. పెట్టింది తిని లేచేవారు.

గన్నవరం గుడిలో ఆయన వంటస్వామి. పాత ద్వారబంధం మారుస్తుంటే దాని తొర్రలో కుట్టని తేనెటీగలు బయటపడ్డాయి. చీమంత నల్లటివి, ముల్లుండదు. వడ్రంగి పొగ పెట్టబోతే అడ్డుపడి, కొబ్బరి మొద్దు తొలిచి, వాటిని అందులోకి మార్చి పెరట్లో పెట్టుకున్నారు. ఆ ఈగలు మైనంలో చెట్ల జిగురు కలిపి శనగగింజంత బుడ్లు కట్టి, వాటిలో తేనె దాస్తాయి. ఆ తేనె పలచన, కాస్త పులుపు. నీళ్ళు కలిపారని పక్కవాళ్ళంటే ఆయన నవ్వి ఊరుకునేవారు. దాన్లో నీరెక్కువని, సీసా మూత వదులుగా పెట్టి నాలుగు నెలల్లో వాడేసేవారు.

కామాక్షి మాత్రం వాసనైనా బయటికి పోకూడదని గుడ్డ చుట్టి మరీ మూత బిగించింది.

ఆ ఉదయం పురోహితులు గౌరీశంకరంగారు మూత తియ్యగానే బుస్సుమని నురగ పొంగింది. ఆయన వాసన చూసి సీసా కింద పెట్టేశారు.

"పులిసిపోయిందమ్మా. కల్లు వాసనేస్తోంది. పిండంలో ఎలా కలపమంటారు?"

అమలాపురం నుంచి వచ్చిన ఆడపడుచు వేదవతి, కొని తెచ్చిన చిక్కటి తేనె ముందుకు తోసింది. "జన్మలో కల్లు ముట్టని అన్నయ్యకి ఇవాళ పోయిద్దామనుకున్నావా వదినా?" అంది. అన్నాక తనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కామాక్షి దొప్ప ఒకటి తీసుకుని పెరట్లోకి నడిచింది. మడితో ఈగల్ని ముట్టుకుంటుందేమిటని వేదవతి వెనక నుంచి అడిగితే, గౌరీశంకరంగారు చెయ్యెత్తి వారించారు.

"ఈగ ఉమ్మిందైనా తేనె శుద్ధమేనమ్మా. వెళ్ళనివ్వండి."

ఆ మొద్దును ఆవిడ ఎప్పుడూ తెరవలేదు. ఏడాదంతా చీమలు పట్టకుండా చూసిందంతే. మొద్దుకు చుట్టిన తాడు విప్పగానే ఈగలు జుట్టులోకీ కనుబొమల్లోకీ దూరాయి. ఈగ పిల్లలుండే నడిమి గూడు జోలికి పోకుండా ఆయన అంచునున్న బుడ్లే తీసేవారు. ఆవిడా అంచునే నాలుగు బుడ్లు గిల్లి దొప్పలో చిదిపింది.

గౌరీశంకరంగారు వాసన చూసి తలూపారు. కొడుకు రామ్‌ప్రసాద్ ఆ తేనెతోనే పిండం కలిపాడు.

భోక్తలు వెళ్ళాక వేదవతి దొప్పలో మిగిలిన చుక్క నాకి మొహం చిట్లించింది. "ఇంత పులుపు అన్నయ్య ఎలా తినేవాడే వదినా?"

"నాకూ మొదట్లో అలాగే ఉండేది" అంది కామాక్షి.

పిండిన మైనం ఆయన ఎన్నడూ పారేసేవారు కాదు. అది వాటి సొత్తని మొద్దు నోటి దగ్గరే పెట్టేవారు. ఆవిడా అక్కడే పెట్టింది. పులిసిన తేనె కొబ్బరిచెట్టు మొదట్లో పోసి, సీసా కడిగి, మూత లేకుండా ఎండలో బోర్లించింది. అప్పటికే ఈగలు మైనాన్ని తుంచుకుని లోపలికి మోస్తున్నాయి. ఆవిడ అరుగుమీద కూర్చుని, జుట్టులో చిక్కుకున్న ఈగను తీసి వాటివైపు వదిలింది.