నా కౌది మీద మిషను కుట్లు

మా కల్లూరు దిక్కున బొంతను కౌది అంటారు. పాత చీరలు, ధోవతులు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరేదాకా చేత్తో కుట్టాలి. నేను మొదలుపెట్టిన కౌది సగం కూడా కాకముందే, పత్తి మూటలు ఎక్కిస్తూ ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. రాయచూరులో ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. కౌదిని మడిచి సందుగలో పెట్టాను.

తర్వాత కొన్నేళ్లు ఆ చేత్తో చెంబు కూడా గట్టిగా పట్టలేకపోయాను. పోయిన ఎండాకాలం మెల్లగా జొన్నరొట్టె తట్టడం వచ్చింది. రొట్టె తట్టిన చెయ్యి సూది పట్టదా అనిపించి, ఆ మధ్యాహ్నమే సందుగ తెరిచాను.

కౌది పూర్తయి ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకు పచ్చ నైలాను దారంతో గీత గీసినట్టు మిషను కుట్లు. నా చేతి వరుసల మీద నుంచి కూడా తొక్కుకుంటూ పోయాయి. చుట్టూ మెరిసే రిబ్బను ఒకటి.

మా బావగారి భార్య, నా యారాలు, వాకిట్లో మిరపకాయలు ఏరుతోంది. కౌది తీసుకెళ్లి ఆమె ముందు పడేశాను.

"ఎవరు కుట్టిండ్రక్కా దీన్ని?"

"నేనే రాయచూరుల మిషినోనికి ఇచ్చి కుట్టిచ్చిన. మంచిగొచ్చింది గదా?"

"నన్నడిగినవా?"

"అడిగేదేముంది? నీ చెయ్యి ఇంగ రాదనుకున్నం."

అనుకున్నాను అనలేదు, అనుకున్నం అంది. అంటే మా అత్తకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. నేను వంటింట్లో ఎడమ చేత్తో తిప్పలు పడుతుంటే, వీళ్లంతా కూర్చుని నా చేతి పని అయిపోయిందని తేల్చేశారన్నమాట. నా ఒళ్లు మండిపోయింది.

రాత్రి మా ఆయన్ని అడిగితే, "వదిన మంచికే చేసింది గదా. కప్పుకోనీకి అయితది, ఇంకేంది?" అన్నాడు. అన్నం గిన్నె ఆయన ముందు పెట్టి లేచిపోయాను.

మర్నాటి నుంచి బ్లేడు తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాను. మిషను కుట్టు గట్టిది. ఒక్కొక్కటే కోసి కింది దారం లాగుతుంటే పాత చీరలు అక్కడక్కడ చినిగాయి. సాయంత్రానికి మణికట్టు వాచేది. అయినా వదల్లేదు.

యారాలు చూసి చూసి ఒకరోజు వచ్చి కూర్చుంది. "పాడు జేస్తున్నవ్."

"పాడైతే నాదే అయితది."

"ఆ సందుగ దిక్కు సూసినప్పుడల్లా నీ మొకం మాడిపోతుండె. నేను సూడలేకనే ఇచ్చిన చెల్లె."

ఆ మాట నిజమే. సందుగ పక్క నుంచి వెళ్తే నా మొహం ఎలా అయ్యేదో నాకూ తెలుసు. కానీ కోపం మాత్రం తగ్గలేదు. ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే వద్దనేదాన్ని. అందుకే ఆమె అడగలేదు. నేను మళ్లీ బ్లేడు అందుకునేసరికి లేచి వెళ్లిపోయింది.

వానలు పడేనాటికి కుట్లన్నీ విప్పి, చిరుగులకు అతుకులు వేసి, మళ్లీ అంచు నుంచి కుట్టుకొచ్చాను. సూది గుచ్చడానికి కుడి చెయ్యి, లాగడానికి ఎడమ చెయ్యి. కుట్లు పెద్దపెద్దగా పడ్డాయి, వరుసలు వంకరపోయాయి. మిషను సూది చేసిన బెజ్జాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చలికాలమంతా అదే కప్పుకున్నాను.

మొన్న యారాలు తన పాత చీరలు మూట కట్టి తెచ్చింది. ఆమె కూతురికి నెలలు నిండాయి.

"పుట్టే పిల్లకు చిన్న కౌది కుడ్తవా?"

"మిషినోనికి ఇయ్యి," అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. మూట మాత్రం వెనక్కి తీసుకుపోలేదు. అది నా మంచం మీదే ఉంది. విప్పలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.