నాడి, ముల్లు, నా కోపం

ఆ రోజుల్లో మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడో చెప్పడానికి ముఖం చూస్తే సరిపోయేది. నవ్వేవాడు నూరేళ్ళు, విసుక్కునేవాడు నలభై అని ఊళ్ళో అందరూ తీర్పులిచ్చేవారు. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. మొన్న మంగళవారం ఉదయం ఏడుంబావుకు మా మనవరాలు కాఫీ తాగుతూ, "జేజీ, ఊరికే ఆందోళన పడేటోళ్ళు తొందరగా ముసలోళ్ళయితారంట. పద్ధతిగా ఉండేటోళ్ళు శానా కాలం బతుకుతారంట. నువ్వు రెండూ కదా, ఇప్పుడేం చేస్తావు?" అంది. ఒకటి కలిపి ఒకటి తీసేస్తే నేను ఉన్నచోటనే ఉండాలి. ఉన్నాను, ఎనభై నాలుగేళ్ళు నిండి, కర్నూలులో, నా పళ్ళు పదకొండింటితో. ఇకనైనా కాస్త నిదానం నేర్చుకోమని ఇంటిల్లిపాదీ నాకు చెబుతుంటారు. నేర్చుకోను. ఈ సలహా నాకు మొట్టమొదట ఇచ్చిన మనిషి ఒక డాక్టరు, అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళ నాలుగు నెలలు.

పత్తికొండలో ఒక బడిలో టీచరుగా చేరి పదిహేను రోజులైంది. ఉద్యోగం నిలవాలంటే ఆరోగ్యం బాగుందని ప్రభుత్వ డాక్టరు సంతకం చేసిన కాగితం ఆ శనివారం సాయంత్రం అయిదు లోపల బజారు వీధిలోని ఆఫీసుకు చేరాలి. చేరకపోతే జాబితాలో నా కింది పేరు పిలుస్తారు. ఆడపిల్లకు ఉద్యోగమెందుకని మా ఇంట్లో పదకొండు మంది అన్నారు, పోనీయండి అన్నది మా అమ్మ ఒక్కతే. తిరిగి వెళ్ళి ఆ పదకొండు ముఖాలు చూడటం కంటే ఆలూరు రోడ్డు పనిలో ఎండకు రాళ్ళు మోయడం నయమనుకున్నాను.

ఆ శనివారం డాక్టరు మా బడికి రెండింటికి వస్తానని మూడుంబావుకు వచ్చాడు. వచ్చీ రాగానే నా వయసు ఇరవై మూడు అని రాశాడు. నా బరువు నన్ను ఎగాదిగా చూసి రాశాడు. (తూకం లేకుండా వంకాయలు కూడా కొనని మనిషిని నేను.) వయసు తప్పని చెప్పాను, బరువు తప్పని చెప్పాను, ఆలస్యమైందని కూడా చెప్పాను. ఆయన నా మణికట్టు పట్టుకుని తన చేతి గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాడు. నేనూ ఆ గడియారమే చూశాను. సెకన్ల ముల్లు ఏడంకె దగ్గరికి రాగానే నిలబడిపోయి, గుక్క తిప్పుకుని మళ్ళీ కదులుతోంది. ఎదురుగా గోడకు బడి గడియారం ఉంది, రోజూ రేడియో విని దాన్ని సరిచేసేది నేనే. డాక్టరు గడియారంలో ఒక నిమిషం అయ్యేసరికి గోడ మీద డెబ్బై అయిదు సెకన్లయ్యాయి.

"నూటా ఇరవై అయిదు!" అన్నాడు డాక్టరు. "ఎనభై దాటితే నేను సంతకం పెట్టను. ఇంత కోపమేందమ్మా?"

"కోపం కాదు సార్, మీరు వయసు తప్పు రాసినారు."

"ఎంత తప్పు?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలకే గుండె ఇట్లా కొట్టుకుంటే నువ్వు నలభై దాటవు తల్లీ. గుణమే రోగం. మీ హెడ్మాస్టరును చూడు, ఎంత చల్లగుండాడో. నూరేండ్లుంటాడు."

మా హెడ్మాస్టరును పిల్లలు మజ్జిగ సారు అనేవారు. అప్పుడాయన కుర్చీలో నిద్రపోతున్నారు.

"అట్లయితే ఆయనది కూడా చూడండి సార్" అన్నాను.

సారు ఒక కన్ను తెరిచి, "నన్నెందుకు లాగుతాండావమ్మా?" అని చెయ్యి చాచి కన్ను మూసుకున్నారు. డాక్టరు లెక్కపెట్టాడు. ముఖం మారింది.

"తొంభై" అన్నాడు మెల్లగా.

"నిద్రపోయే మనిషికి తొంభైయా సార్? ఆయన్ని కూడా ఉద్యోగం నుంచి పీకుతారా?"

"పీకితే పీకనీయమ్మా" అన్నారు సారు కళ్ళు తెరవకుండా, "ఇంటికాడ ఇంకా బాగా నిద్ర పడతాది."

అప్పుడు ముల్లు సంగతి చెప్పాను. డాక్టరు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఊపాడు, ఏడు దగ్గర నిలిచిన ముల్లును కళ్ళారా చూశాడు. "అందుకేనా నాకు రోజూ బస్సు తప్పిపోతాండేది!" అంటూ, ఈ బస్సయినా అందుకోవాలని హడావిడిగా కాగితం మీద 'ఆరోగ్యం బాగుంది' అని సంతకం గీకి పరుగెత్తాడు. వయసు మాత్రం సరిచేయించి గానీ నేను కాగితం వదలలేదు. మజ్జిగ సారు తర్వాత ఎనభై ఆరేళ్ళ దాకా ఉన్నారు. ఆయన్ని దాటడానికి నాకింకా రెండేళ్ళు కావాలి, దాటుతాను.

ఇంతవరకే ఇంట్లో అందరికీ చెప్పాను. మిగతాది ఎవరికీ చెప్పలేదు. కాగితం పట్టుకుని టమోటా మార్కెట్టు దాకా నడిచాను. గంపల పక్కన కూలబడ్డాను. కూర్చున్నదాన్ని ఊరకే ఉండక, దుమ్ములో వేలితో లెక్క వేశాను: డెబ్బై అయిదు సెకన్లకు నూటా ఇరవై అయిదు అయితే అరవై సెకన్లకు ఎంత? వంద. మళ్ళీ వేశాను. వందే. సారుది డెబ్బై రెండు. అంటే సరైన గడియారంతో చూస్తే సారు నెగ్గేవారు, నేను మాత్రం ఏ గడియారంతో చూసినా తప్పేదాన్ని. ఇంకొకరి లెక్కలో ఇంత తప్పుంటే వాళ్ళ వెంటపడి దిద్దించేదాన్ని. బస్టాండు అక్కడికి నాలుగు వందల అడుగులు కూడా లేదు. డాక్టరు ఎక్కిన బస్సు ఇంకా కదలలేదు.

టమోటాలమ్మే అక్క వంగి చూసి, "ఏం రాస్తాండావు పాపా?" అంది.

"లెక్క."

"తక్కువొచ్చిందా?"

"ఎక్కువొచ్చింది."

"ఎక్కువొస్తే ఏడుపు మొహమెందుకే పిచ్చిదానా! తుడిచేసి పో."

అటూ ఇటూ చూసి, కాలితో తుడిచేశాను. నాలుగూ నలభైకి ఆఫీసులో కాగితం ఇచ్చి, అందినట్టు రసీదు అడిగి మరీ తీసుకున్నాను. చెప్పు కింద లెక్కను దాచేసి, తల ఎత్తుకుని, గుండె దడదడలాడుతుండగా బజారు వీధిలో నడిచిపోయిన ఆ పిల్ల ఇప్పుడు కనిపిస్తే ఏమీ అనను. కొంగు వెనక దుమ్ము అంటుకుంది, దులుపుకో అంటాను, అంతే.