మాస్టారు కొట్టేసిన మాట

ఆ బడిలో నాటకాలు నేర్పే ఆయన్ని పిల్లలు ఎదురుగా మాస్టారనీ, చాటున దగ్గు మాస్టారనీ అనేవారు. ఏ మాటకైనా ముందు గొంతు సవరించుకుని చిన్న దగ్గు దగ్గేవాడు మరి. కుర్రతనంలో ఊరూరా తిరిగి వేషాలు కట్టిన మనిషి. మీసం అంటించే జిగురు పడక పై పెదవి మీద మచ్చ కూడా మిగిలిపోయింది. వేషాలు ఎవరికీ అక్కర్లేని కాలం వచ్చాక ఈ బడిలో చేరాడు.

ఇంకెవరైనా అయితే తయారుగా ఉన్న నాటకం బట్టీ పట్టించేవాళ్లు. ఈయన పిల్లల చేతే రాయించేవాడు. బల్లలన్నీ గోడకి జరిపి, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, గీతకి అవతల స్టేజీ అనేవాడు. రాసినవాళ్లు గీత దాటి నిలబడి చదవాలి. నోరు తిరగని మాట ఉంటే కొట్టేసుకోవాలి, అదీ రాసినవాళ్లే. ఇంట్లో విన్న మాటలే తెచ్చి రాయమనేవాడు. "మీ మాట మీద మాత్రం నేను కలం పెట్టనర్రా" అని ఏటా మొదటిరోజే ఒట్టేసినట్టు చెప్పేవాడు. పెట్టలేదు కూడా. ఒకడు వాళ్ల తాత తిట్టే తిట్లన్నీ రాసుకొస్తే, హెడ్మాస్టరుతో పోట్లాడి మరీ వేయించాడు. అందుకే పిల్లలకి ఆయనంటే ప్రాణం.

ఇంటి దగ్గర ఆయన ఇంకో మనిషి. భార్య కుట్టుపని చేసేది. మిషను చప్పుడు ఆయనకి పడదు. వీధి గేటు కిర్రుమనగానే ఆవిడ కాలు ఆపేసేది. సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉండిపోయేది. ఆవిడ ఏదైనా చెప్పబోతే దగ్గి, "ఊరుకో, నీకేం తెలుసు" అనేవాడు. కోపంగా కూడా కాదు, ఈగని తోలినంత తేలిగ్గా. బడి నాటకాలకి తెర దగ్గర్నుంచి వేషాల బట్టల దాకా కుట్టిపెట్టేది మాత్రం ఆవిడే.

కూతురు పదో తరగతికొచ్చి నాటకాల క్లాసులో చేరింది. బడిలో నాన్నా అనకూడదు, అందరిలాగే మాస్టారూ అనాలని ఆయనే చెప్పాడు. వార్షికోత్సవానికి తన నాటకం ఇదీ అంటూ ఓ సాయంత్రం గీత దాటి నిలబడి చదివింది.

అందులో ఒక మొగుడు, కుట్టుపని చేసే పెళ్లాం. మొగుడు ఊళ్లోవాళ్లకి ధైర్యంగా మాట్లాడ్డం నేర్పుతాడు. ఇంటికొస్తే మిషను ఆగుతుంది. ఆవిడ నోరు తెరిస్తే "ఊరుకో, నీకేం తెలుసు" అంటాడు. నాటకమంతా ఇంతే. చివర్లో మాత్రం మొగుడొచ్చినా మిషను ఆగదు. ఆవిడ తలెత్తకుండా ఒకే ఒక్క మాట అంటుంది: "ఆపను."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు గొంతు సవరించుకుని దగ్గాడు. బాగుందన్నాడు. బాగుంది గానీ మొగుణ్ణి కిరాణా కొట్టువాణ్ణి చేద్దామన్నాడు. ఊరుకో ఊరుకో అని అన్నిసార్లు వద్దన్నాడు. చివర్లో ఆవిడ మిషను ఆపి నవ్వుతూ కాఫీ తెచ్చిస్తే చూసేవాళ్లకి హాయిగా ఉంటుందన్నాడు. అంటూనే జేబులోంచి కలం తీశాడు.

"మాస్టారూ, మా మాట మీద కలం పెట్టనన్నారు కదా" అంది కూతురు.

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"మనింట్లో మాట్లాడుకోవడం ఎప్పుడు చూశాను నేను?"

పిల్లలెవరూ నవ్వలేదు. ఆయన కలంతో ఆ మాటలన్నీ కొట్టేశాడు.

చివర్లో నీ కోసం ఒక మాట రాశానని కూతురు అప్పటికే తల్లితో చెప్పుకుంది. అది పోయిందని చెప్పడానికి ఆ పిల్లకి నోరు రాలేదు. వార్షికోత్సవం రోజు తల్లి ఇంట్లో మిషను బడికి మోయించి, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని, మూడో వరసలో కూర్చుంది.

మొగుడి వేషం వేసినవాడు గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. నోరు తెరిచే ముందు గొంతు సవరించుకుని చిన్న దగ్గు దగ్గాడు. హాలంతా గొల్లుమంది. మళ్లీ దగ్గాడు, హెడ్మాస్టరు కూడా కడుపు పట్టుకున్నాడు. మనుషుల్ని చూసి నడక, మాట తీరు తెచ్చుకోమని నేర్పింది మాస్టారే. వాడు తెచ్చుకున్నాడు. మాస్టారు మాటలైతే కొట్టేశాడు గానీ, దగ్గు ఏ కాగితం మీదా లేదు. తెర పక్కన నిలబడ్డ ఆయన ముఖం మాడిపోయింది.

మూడో వరసలో ఆవిడొక్కతే నవ్వలేదు. తన కోసం రాసిన మాట ఎక్కడ వినపడకుండా పోతుందోనని ముందుకి వంగి కూర్చుంది. స్టేజీ మీద మిషను ఆగింది. కాఫీ వచ్చింది. తెర పడింది. అందరూ లేచి వెళ్లిపోయినా, తను కుట్టిన తెర వంకే చూస్తూ ఉండిపోయింది.

ముగ్గురూ నడుచుకుంటూ ఇంటికొస్తున్నారు.

"ఏమండీ, చివర్లో ఆవిడ ఏదో అంటుందని చెప్పింది పాప. అనలేదే?"

ఆయన దగ్గాడు. "ఊరుకో, నీకేం తెలుసు."

ముందు నడుస్తున్న కూతురు వెనక్కి తిరిగింది. "విన్నావామ్మా? నేను రాసిన నాటకం ఇదీ."

ఆ తర్వాత ఆ పిల్ల నాటకాల క్లాసుకి రాలేదు. ఎందుకని ఆయన అడగలేదు, అడిగితే చెబుతుందని భయం. మళ్లీ ఏడాది కొత్త పిల్లలొచ్చారు. సుద్దముక్కతో గీత గీసి, ఇంట్లో విన్న మాటలు తెచ్చి రాయమన్నాడు. కలం సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి లోపల మిషను గడగడా నడుస్తోంది. చప్పుడు కాకుండా గేటు తీద్దామని చూశాడు. తుప్పు పట్టిన గేటు, కిర్రుమంది.

మిషను ఆగిపోయింది.