మాబున్నవ్వ సేమ్యా, మా వంటింటి పైపు

మా వంటింటి పైపును ఒకసారి నేనే బాగుచేశాను. దయచేసి మా ఇంటికొచ్చినప్పుడు ఈ మాట మా ఆవిడ ముందు అనకండి. ఆమె నవ్వితే పర్వాలేదు, ఒక్కోసారి నవ్వదు. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను గానీ చివరిదాకా నవ్వగలనని మాటివ్వలేను. ఎందుకంటే ఆ పైపుతో నేను ముంచింది మా కొంప కాదు, పక్కింటావిడ కొంప.

ప్రొద్దుటూరులో మా వీధి ఎంత ఇరుకంటే, మేం పోపు పెడితే ఎదురింటివాళ్లు తుమ్ముతారు. మా వంటిల్లు మేడ మీద. సింకు నీళ్ల పైపు గోడ బయటి నుంచి కిందికి దిగుతుంది. ఆ గోడకు ఆనుకునే పక్కింటి మాబున్నవ్వ మిద్దె. ఒకనాడు ఓ కోతి ఆ పైపు పట్టుకుని ఊగింది. సరిగ్గా అవ్వ మిద్దెకు కాస్త పైన పైపు ఫట్టుమని విరిగింది. కోతి ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది. మిగిలిన నాశనం నేను చూసుకున్నాను.

అప్పుడు నేను బట్టలంగట్లో సేల్స్‌మన్‌ని. పెళ్లయి ఏడాది. నాకు రాని పని లేదనుకునే వయసు. మా ఆవిడ సుజాత మా అత్త కూతురే కాబట్టి నా సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"మామా, ప్లంబరుకు ఫోన్ చేసినా. పెండ్లికని పులివెందులకు పోయినాడంట, ఎల్లుండి వస్తాడంట. అంతవరకు సింకు కింద బకెట్ పెట్టుకుందాం," అంది.

"ఒగ పైపు ముక్కకు ప్లంబరేంది? నేను లేనా?"

"నువ్వుండావనే గదా నా భయం!"

ఆ భయాన్ని లెక్కచేయకుండా నిచ్చెన వేసుకుని అవ్వ మిద్దె మీదికి దిగాను. అది రంజాన్ నెల. అవ్వ ఉపవాసంలో ఉండి కూడా మెట్లెక్కి వచ్చింది.

"అప్పా, మా ఖాదరు పండక్కి కువైట్ నుంచి వస్తాండాడు. ఫోన్ చేసినప్పుడల్లా వానిది ఒకటే మాట, 'అమ్మా, నీ చేతి సేమ్యా తిని ఎన్నేండ్లాయనో' అని. రేపు ఈడ సేమ్యా ఆరేసుకుంటా. నీ పైపు కారదు గదా? కారేట్టయితే ఇప్పుడే చెప్పు, ఇంకో తావు చూసుకుంటా."

"చుక్క కారితే నన్ను పేరు పెట్టి పిలవొద్దవ్వా!" అన్నాను.

పాపం, ఆమె నమ్మింది.

మా దగ్గర పైపులు అతికే పద్ధతి ఒకటుంది. ప్లాస్టిక్ పైపు చివరను మంట మీద వేడిచేసి, మెత్తబడ్డాక నోరు వెడల్పు చేసి, రెండో పైపును అందులోకి దూర్చి జిగురు పూస్తారు. ఇదంతా నేను చాలాసార్లు చూశాను. చూడనిదల్లా ఏ పైపు ఏ పైపులోకి దూరాలన్నదే. కాసేపు ఆలోచిస్తే రేకుల కప్పు గుర్తొచ్చింది. పై రేకు కింది రేకును కప్పుతుంది కాబట్టే కదా వాన లోపలికి దిగదు! అంతే, పై పైపు నోరు వెడల్పు చేసి, కింది పైపును అందులోకి దూర్చాను. రేకుల మీద నీళ్లు బయట పారతాయనీ, పైపులో నీళ్లు లోపల పారతాయనీ నా బుర్రకు తట్టలేదు. పైనుంచి వచ్చిన నీళ్లు కింది పైపు అంచుకు కొట్టుకుని సందులోంచి బయటపడటానికి నేనే రాచబాట వేశానన్నమాట. జిగురు మాత్రం ధారాళంగా పూశాను, సగం పైపుకు, సగం నా లుంగీకి. చెంబుడు నీళ్లు పోసి చూస్తే కారలేదు. జిగురు బాగా ఆరేదాకా బకెట్టే వాడమని సుజాతకు చెప్పి మీసం మెలేశాను.

మర్నాడు అవ్వ జమ్మలమడుగులోని చెల్లెలి దగ్గర నుంచి సేమ్యా మిషన్ తెప్పించింది. వీధిలో ఆడవాళ్లంతా తలా కాసేపు తిప్పారు, సుజాత కూడా తిప్పింది. వెంట్రుకంత సన్నటి పోగులు. మధ్యాహ్నానికి మిద్దె మీద కట్టిన తాళ్ల నిండా వేలాడుతున్నాయి. అటు పోయినప్పుడల్లా చూడబుద్ధేసేది.

ఇంటికొచ్చిన సుజాత అడిగింది. "మామా, బకెట్ నిండింది. సింకులో పొయ్యొచ్చా?"

"ఉండు, నేను పోసి చూపిస్తా."

రెండు రోజులుగా అంట్లు కడిగిన నీళ్లు, సంగటి అడుగంటుతో సహా, బకెట్ ఎత్తి ఒక్కసారిగా కుమ్మరించాను. కింద నుంచి "అల్లా!" అని వినిపించింది.

"ఏంది ఆ అరుపు?"

"నీ పేరు పోయిన అరుపు మామా," అంటూ సుజాత కిందికి పరుగెత్తింది.

వెళ్లి చూస్తే తాళ్ల మీద సేమ్యా లేదు. జిడ్డు నీళ్లతో ముద్దయి, కరివేపాకు అంటుకుని కింద పడుంది. అవ్వ నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టుంటే నాకు ఎంతో బాగుండేది.

"అవ్వా, అంగట్లో మంచి సేమ్యా దొరుకుతాది, ఇప్పుడే తెస్తా."

"అది కువైట్లోనూ దొరుకుతాదప్పా," అంది నెమ్మదిగా.

సిగ్గుతో చచ్చిపోయాను. మిగిలిన పిండితో మళ్లీ చేద్దామని, ఈసారి మిషన్ నేనే తిప్పుతానని పట్టుబట్టాను. చూశారా, నాకింకా బుద్ధి రాలేదు!

"మెల్లగా తిప్పప్పా."

"తొందరగా అయిపోతాదవ్వా, పండగ దగ్గరికొచ్చె."

తొందరగానే అయింది. పోగు పోగుకూ అతుక్కుని, ఒక్కోటి చెప్పులు కుట్టే దారమంత లావున వచ్చాయి. వాటినే మా ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టాం.

పండగ రోజు ఖాదరు మమ్మల్ని పిలిచాడు. గిన్నెలు చేతికొచ్చాయి. అతను ఒక చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"అమ్మా, ఇంత లావుగా ఉండాదేంది? ముందు శానా సన్నగా చేస్తాంటివి గదా?"

అవ్వ నా వైపు చూడనైనా చూడలేదు. "చేతుల్లో సత్తువ తగ్గిపాయ కొడకా. వయసైపోలేదా?"

ఖాదరు గిన్నె పక్కన పెట్టి ఆమె చేతులు పట్టుకున్నాడు. "నీకు చేత కావడం లేదని తెలీక నేనే సతాయిస్తి. ఇంగ ఎప్పుడూ చెయ్యొద్దులేమ్మా, కొనుక్కుందాం. చెయ్యనని నా తల మింద చెయ్యి పెట్టి చెప్పు."

అవ్వ ముఖం చిన్నబోయింది. చూడలేక నోరు తెరిచాను. "ఖాదరూ, అవ్వ చేతులు బాగుండాయి. ఆ మిషన్ తిప్పింది నేను. ముందు చేసిన సేమ్యా మింద మా సింకు నీళ్లు పోసిందీ నేనే!"

ఖాదరు నవ్వి నా భుజం తట్టాడు. "మంచోడివన్నా. మా అమ్మ బాధపడకూడదని ఎంత కత చెప్తాండావు!"

"నిజమేనన్నా, ఈ మహానుభావుడే," అంది సుజాత.

"వదినకు కూడా నేర్పించి తెచ్చినావా?"

అవ్వ ఒక్క మాట అని ఉంటే నమ్మేవాడు. కానీ కొడుకు ముందు పక్కింటివాడి పరువు తీయడం ఆమెకు ఇష్టం లేకపోయింది. నా వైపు చూసి వద్దన్నట్టు తలాడించి, కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఖాదరు మళ్లీ కువైట్ వెళ్లిపోయాక, మనసు ఆగక అవ్వ దగ్గరికెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అవ్వా, ఒట్టు పెట్టుకుంటాండా. ప్లంబరు పెండ్లికి పోయినా, కాశీకి పోయినా, మా వంటింట్లో నీళ్లు మోకాలిదాకా నిలిచినా సరే, ఈ జన్మలో పైపు ముట్టుకోను," అని గంభీరంగా ప్రకటించాను.

అవ్వ నవ్వింది.

"ఆ ఒట్టు నువ్వు ముందే పెట్టుకొనుంటే, నేను పెట్టుకునే పని లేకపోయె గదప్పా," అంది.