దయ్యం మేడలో ఎడమ చేతి గుర్తులు

నా చిన్నప్పుడు మా ఆర్మూర్‌లో బడికి సెలవులిస్తే పిల్లలం ఎక్కడికీ పోనక్కర్లేదు. చూడటానికి దయ్యాలున్న ఇళ్లే కావలసినన్ని ఉండేవి. పెద్దవాళ్లు గుళ్లు తిరిగినట్టు మేము పట్టపగలే వాటిని తిరిగి చూసేవాళ్లం. గుట్ట కింద కూలిపోయిన దొరల గడిలో గబ్బిలాలు కనిపించాయి. మూతపడిన పత్తి మిల్లులో పాము కుబుసం దొరికింది. దయ్యం మాత్రం ఎక్కడా ఎదురుపడలేదు. నాకదే కొరతగా ఉండేది. భయం నాకూ ఉండేది కానీ, అసలు సంగతేమిటో తెలుసుకోవాలన్న ఆరాటం భయాన్ని మించి ఉండేది.

ఇక మిగిలింది మా వెనక వీధిలోని మేడ. అది పసుపు పండించే ఒక పెద్ద కుటుంబానిది. ఆ ఇంటి పెద్ద కోడలు పెరటి బావిలో పడి చనిపోయిందనీ, బావి లోతుకు శవం కూడా దొరకలేదనీ, కర్మలు జరగక ఆమె దయ్యమై తిరుగుతోందనీ చెప్పుకునేవారు. మధ్యాహ్నం పూట అక్కడ గాజుల చప్పుడు వినిపిస్తుందట. అద్దెకు ఎవరూ రాలేదు. చివరికి ఇంటివాళ్లు కూడా తాళం వేసి, నందిపేట్ వైపు తమ పొలాల దగ్గరే ఉండిపోయారు.

ఒక వేసవి మధ్యాహ్నం నేను పెరటి గోడ కూలిన చోటు నుంచి లోపలికి వెళ్లాను. నా స్నేహితురాళ్లు గోడ అవతలే ఆగిపోయారు. లోపల డాబా మీదికి ఇరుకైన మెట్లున్నాయి. ఆ మెట్ల పక్క గోడ మీద కింది నుంచి పై దాకా పసుపు చేతుల గుర్తులు! కొన్ని చెదిరిపోయాయి, కొన్ని నిన్నో మొన్నో వేసినట్టున్నాయి. నా కుడిచెయ్యి ఒక గుర్తు మీద పెట్టి చూశాను. బొటనవేలు కలవలేదు. ఎడమ చెయ్యి పెడితే కలిసింది. తర్వాతిదీ ఎడమదే. ఆ పైదీ ఎడమదే. ఎంత వెతికినా ఒక్క కుడిచేతి గుర్తు కూడా కనిపించలేదు.

దయ్యానికి ఎడమ చెయ్యి ఒక్కటే ఎందుకుంది? ఆ రోజు నుంచి కనిపించిన వాళ్లనల్లా అడిగాను. అమ్మ నోరు మూసుకోమంది. నాన్న పసుపు వ్యాపారం హడావిడిలో ఉండి వినలేదు. వీధిలో మాత్రం ఆ మాట పాకిపోయింది. మళ్లీ అందరూ ఆ మేడ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. వసారా పక్క గదిలో మిషన్ పెట్టుకుని వీధివాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. అబద్ధమాడితే నోట్లో పుండ్లు పడతాయని మమ్మల్ని బెదిరించేది కూడా ఆవిడే. నా ప్రశ్న విని దారం కొరికి, జాకెట్టు పక్కన పెట్టింది.

"నువ్వు గీ అడుగుడు బంద్ జెయ్యవు గని, రేపు మంచి గౌనేసుకొని నాతోని పోచంపాడ్ రా" అంది.

మర్నాడు బస్సులో వెళ్లాం. గోదావరి మీది ప్రాజెక్టు చూపిస్తుందనుకుని సంబరపడ్డాను. అత్త కట్ట వైపు పోనేలేదు. చేపలు పట్టేవాళ్ల ఇళ్ల వైపు తీసుకెళ్లింది. ఒక రేకుల పాక ముందు ఒకామె పెనం మీద చేపలు వేయిస్తోంది. అత్తను చూడగానే గరిటె వదిలేసి వచ్చి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు, తర్వాత నవ్వుకున్నారు. నాకేమీ అర్థం కాలేదు.

అత్త నన్ను ముందుకు తోసింది. "గా చేతులు ఎవలియని ఊరంత అడుగుతున్నవు గదా. గీమెయే. అడుగు."

నేను ముందు ఆమె కాళ్ల వైపు చూశాను. పాదాలు ముందుకే ఉన్నాయి. మెట్టె వేలికి ఉడుకు నూనె పడ్డ మచ్చ కూడా ఉంది. అప్పుడు ధైర్యం తెచ్చుకుని, అన్నీ ఎడమ చేతులే ఎందుకున్నాయని అడిగాను. ఆమె పకపకా నవ్వింది.

"కుడిచేత్తోని నెత్తి మీద గంప పట్టుకోవాలె గద బిడ్డా! ఉడకబెట్టిన పసుపంత డాబా మీదికి నేనే మోసేదాన్ని. గా మెట్లు జారుతయి. ఎడమచేత్తోని గోడ పట్టుకుంట ఎక్కేది."

చేపముక్క చేతిలో పెట్టి మిగతాది కూడా చెప్పింది. మొగుడు తాగి వచ్చి చావబాదేవాడట. ఒక తెల్లవారుజామున పెరటి తలుపు తీసుకుని మా అత్త దగ్గరికి వస్తే, అత్త ఆమెను పోచంపాడ్‌లో తెలిసిన ఒక ముసలమ్మ ఇంటికి చేర్చింది. కోడలు పారిపోయిందంటే పరువు పోతుందని అత్తింటివాళ్లు బావిలో పడిందని చెప్పుకున్నారు. చాటుగా మాత్రం బస్టాండ్లన్నీ వెతికించారు.

"మరి నువ్వు సావలేదని అందరికి చెప్పరాదా?" అన్నాను.

"దయ్యం ఎంబడి ఎవలు పడరు బిడ్డా. బతికున్నదాని ఎంబడే పడ్తరు. మీ అత్త గాజుల చప్పుడు ఇన్నదాకనే నన్ను దేవులాడిండ్రు."

నేను తిరిగి మా అత్త వంక చూశాను. ఆవిడ ముల్లు ఏరుతూ తల ఎత్తకుండానే, "ఔ, ఇన్నది నేనే. మొదలు చెప్పింది గూడ నేనే" అంది. తాము పుట్టించిన చావు కబురును ఆ గాజుల చప్పుడుతో అత్తింటివాళ్లే నమ్మారు. నిజంగానే బావిలో పడిందేమోనని భయపడి వెతకడం మానేశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త నాతో ఒట్టు వేయించుకోలేదు, ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. తిన్నావా, దాహమవుతోందా అని మాత్రమే అడిగింది.

కొద్ది రోజులకే ఆ ఇంటి చిన్నకొడుకు, అంటే ఆమె మరిది, మార్కెట్‌కు పసుపు తెచ్చి మా ఇంటికి వచ్చాడు. వీధిలో మాట అతని దాకా పోయింది. వసారాలో నాన్నతో చాయ్ తాగుతూ, "ఇట్ల గాదు. బాయి పూడిక తీపిస్త. మా వదినె బొక్కలు దొరుకుతే కర్మ జేపిస్తం, దొరకకుంటె అదో సంగతి తెలుస్తది" అన్నాడు. ఆ తర్వాత నన్ను పిలిచాడు. "ఏం జూసినవ్ బిడ్డా? జర నిజం చెప్పు."

లోపల మిషన్ చప్పుడు ఆగిపోయింది. బావిలో ఏమీ దొరకదనీ, దొరకకపోతే ఆమె కోసం మళ్లీ వెతుకులాట మొదలవుతుందనీ మా ఇంట్లో నాకూ అత్తకూ మాత్రమే తెలుసు.

"చేతులు జూసిన. గాజుల చప్పుడు ఇన్న" అన్నాను. "బాయి దిక్కు పోతుంటె, నన్ను కదిలియ్యకుర్రి అని ఎవలో ఏడ్సినట్టు ఇనొచ్చింది."

అతను సాసరు కింద పెట్టేశాడు. ఆ ఇంటి ఛాయలకు పోయినందుకు నాన్న నన్ను తిట్టాడు. మరిది మిగిలిన చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. కాసేపటికి లోపల మిషన్ మళ్లీ నడిచింది. అత్త నన్ను మెచ్చుకోలేదు. ఆ రాత్రి అన్నంలో ఒక చెంచా నెయ్యి ఎక్కువ వేసింది, అంతే.

ఆ బావి ఎవరూ తవ్వలేదు. పోచంపాడ్‌లో ఆమె ముసలితనం దాకా చేపలు వేయించి అమ్ముకుంటూ, తన ఇష్టప్రకారం బతికింది. ఇప్పుడు ఆమె లేదు, మా మేనత్తా లేదు. ఆమెను వెతికేవాళ్లూ ఎవరూ మిగల్లేదు కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

ఈ మధ్య మా వీధి పిల్లలు ఫోన్లు పట్టుకుని పాత ఇళ్లలో దయ్యాల వీడియోలు తీస్తామని వస్తున్నారు. వాళ్లను నేను ఆపను. ఫలానా ఇంట్లో దయ్యముందంటే నేను భయపడను, నవ్వను కూడా. ఆ తలుపులోంచి ఎవరు బయటపడ్డారో, ఏ ఊరు చేరుకున్నారో, వాళ్లకు ఆ రోజు ఎవరైనా ఇంత అన్నం పెట్టారో లేదోనని మాత్రం ఆలోచిస్తాను.